మంత్రి గారూ, ఈ లేఖ రాసింది నా ఫోను

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది చిత్తూరు జిల్లాలో పలమనేరు దగ్గర ఒక పల్లె. నాకు ఇరవై మూడేళ్లు. నేను చెబుతుంటే ఫోను రాసింది, మా అక్క తప్పులు దిద్దింది. నేనే కూర్చుని రాసి ఉంటే ‘పశువు’ ఒకచోట ‘శపువు’ అయ్యేది, ఇంకోచోట వత్తులు మాయమయ్యేవి. నాకున్నది డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. పదో తరగతి అయిన నాలుగేళ్లకు గానీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. అంతవరకూ నా పేరు ‘మొద్దు’.

బళ్లో మొద్దునే. కొట్టంలో కాదు. పొద్దున ఆవు మేత ముట్టకుండా అరుస్తూ తీగలు వేస్తుంటే అది ఎదకొచ్చిందని, సాయంత్రానికి చూడి సూది వేయించాలని నాకెవరూ చెప్పక్కర్లేదు. పాలలో పలుకులు కనబడకముందే, ఏ చన్నులో పొదుగువాపు మొదలైందో నా చేతికి తెలుస్తుంది. ఎడమ డొక్క మీద వేలితో కొడితే డోలు మోత వచ్చిందా, అది కడుపుబ్బరం. ఇవన్నీ మా గోపాలమిత్ర అన్న, అంటే ఊళ్లు తిరిగి పశువులకు చూడి సూదులు వేసే ఆయన, చూపించినవే. ఆయన బండి వెనక, ఆ సూదుల వీర్యాన్ని చల్లగా ఉంచే నైట్రోజన్ క్యాన్ పట్టుకుని ఐదేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాను. పుస్తకంలో పదిసార్లు చదివినా ఎక్కనిది ఆయన ఒక్కసారి చేసి చూపిస్తే మరిచిపోను.

కానీ పశుసంవర్ధక సహాయకుడి ఉద్యోగానికి డిప్లొమా ఉండాలి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న పాలిటెక్నిక్‌లలో అది రెండేళ్ల చదువు. సీటు మాత్రం పదో తరగతి మార్కులను బట్టి. నా మార్కులు ఇక్కడ చెప్పుకునేవి కావు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మా ఇబ్బంది ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ అనే పేరుతో ఉంది. వైకల్యం 40 శాతం ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు, రాత పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం. ఇవన్నీ అక్క చదివి వినిపిస్తే సంబరపడ్డాను. తీరా సర్టిఫికెట్ కోసం, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం శిబిరానికి వెళితే, ఒక ఆసుపత్రిలో ‘కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి గదా, నీకేమైంది’ అన్నారు. రెండోసారి పోతే పరీక్ష చేసే సైకాలజిస్టు లేరన్నారు. మూడోసారి మా నాయన రానన్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేను, రోజంతా అక్కడే కూర్చుంటే సాయంత్రం పాలు ఎవరు పిండాలి?

మీకొక అనుమానం రావచ్చు. సరిగా చదవలేనివాడి చేతికి మందు సీసా ఎలా ఇస్తామని. న్యాయమైన అనుమానమే. నిరుడు జ్వరంతో ఉన్న చూడి ఆవుకు డాక్టర్ గారు ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ తెమ్మంటే నేను గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సీటోసిన్ తీశాను. రెండూ ‘ఆక్సీ’ తోనే మొదలవుతాయి, నా కళ్లు అక్కడితో ఆగిపోయాయి. అది పడి ఉంటే ఆవు ఈసుకుపోయేదేమో, కడుపులో దూడ పోయేదేమో. సిరంజిలోకి లాగే ముందు పేరు పైకి చదవమనడం ఆ డాక్టర్ గారి అలవాటు కాబట్టి గండం తప్పింది. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. అప్పట్నించి ప్రతి సీసానూ ఫోనుతో ఫొటో తీసి, అది చదివింది విని, నేనూ పైకి చెప్పి, అప్పుడే మూత తీస్తాను. నిజానికి ఈ అలవాటు బాగా చదవగలిగినవాళ్లకూ పెట్టాలి. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో అందరి కళ్లూ ఒకటే గదా.

అందుకే అడుగుతున్నాను. పాలిటెక్నిక్ సీట్లలో కొన్నింటికైనా మార్కులతో పాటు కొట్టంలో కూడా పరీక్ష పెట్టండి. పశువును కట్టమనండి, నాడి చూడమనండి, నెమరు వేస్తోందో లేదో చెప్పమనండి. లోపల చేరాక మాలాంటివాళ్లకు ప్రశ్నపత్రం చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పనివ్వండి. చిత్తూరులో, తిరుపతిలో సదరం శిబిరాలకు నెలలో ఒక్క రోజైనా మా పరీక్ష చేయగల సైకాలజిస్టును పంపేలా సంబంధిత శాఖతో మాట్లాడండి. ఆ రోజు ఏదో ముందే తెలిస్తే, నాయన పాలు పిండే మనిషిని మాట్లాడుకుని వస్తాడు.

జవాబు ఇచ్చేట్టయితే వాయిస్ మెసేజ్ పంపినా చాలు. ఉత్తరమైతే అక్క అత్తగారింటి నుంచి వచ్చేదాకా ఆగాలి.

ఇట్లు,
పలమనేరు దగ్గర ఒక పాడిరైతు కొడుకు