అపార్ట్‌మెంట్ల మేడల మీద ఎండ ఊరికే పోతోంది: విశాఖ నగర కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వీధి దీపాలను నేలకూల్చాక ఈ నగరం ఎల్‌ఈడీలకు మారింది. ముడసర్లోవ జలాశయంలో నీటిపై తేలే 2 మెగావాట్ల సోలార్ ప్లాంటు కూడా పెట్టింది. కాబట్టి మనవల్ల కాదనడానికి లేదు.

ఇప్పుడు ఫ్లాట్ల సంగతి చూడండి. ఇంటి మేడ మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ప్లాంటుకు 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. సొంత డాబా ఉన్నవాళ్లకు బాగానే ఉంది. ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్ట్‌మెంట్ల మాటేమిటి? మేడ అందరిదీ, మీటర్లు ఎవరివి వాళ్లవి. ఉన్న జాగాలో వాటర్ ట్యాంకులు, డిష్‌లు, ఎవరో ఒకరి పూలకుండీలు. (అసోసియేషన్ మీటింగులో ఆ కుండీల జోలికెళ్లే ధైర్యం ఎవరికీ లేదు.)

ప్లాన్ అప్రూవల్ మీ చేతిలో ఉంది. కొత్త భవనాల పైన నీడ పడని జాగా వదలాలని, అక్కడి నుంచి మీటర్ బోర్డు దాకా వైరింగ్ పైపు ముందే వేయాలని షరతు పెట్టండి. సోలార్ ప్యానెళ్లను నిలబెట్టే ఫ్రేములు తుపాను గాలికి తట్టుకుంటాయో లేదో కూడా చూడాలి. ఈ ఊళ్లో అది చిన్న విషయం కాదు.

పాత భవనాలు లిఫ్టు, మోటారు నడిచే కామన్ మీటర్‌తో మొదలుపెట్టొచ్చు. దానికీ కిలోవాటుకు 18 వేల రాయితీ ఉంది, మాలో సగం మందికి తెలియదు. జోనల్ ఆఫీసుల్లో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇంజినీరును కూర్చోబెట్టి దరఖాస్తులు అక్కడే తీసుకుంటే పని జరుగుతుంది.

మీ బడులు, కల్యాణ మండపాలు, పంప్‌హౌస్‌లలో ఎన్నింటిపై ప్యానెళ్లు ఉన్నాయో ఆ జాబితా కూడా బయటపెట్టండి.

ఇట్లు,
మధురవాడ ఫ్లాట్ వాసి