విద్యాశాఖ మంత్రి గారికి: మతాల పాఠం చెప్పమంటారా, దాటేయమంటారా?

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్ని. మతాల పాఠాల గురించి మేం టీచర్లం మీ శాఖకి అర్జీ పెట్టాం, రసీదు నంబరు వచ్చింది. కొన్నాళ్లకు "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క కాగితం ఇవ్వలేదు. మళ్లీ పెట్టాం. మళ్లీ అదే మెసేజ్. నలుగురూ చదివేలా మీకే రాయడం తప్ప ఇంక నాకు దారి కనబడలేదు.

మేం అడిగింది జీతాల గురించి కాదు, బదిలీల గురించీ కాదు. సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో బుద్ధుడు, మహావీరుడు, యేసుక్రీస్తు, మహమ్మద్ ప్రవక్త, కబీరు, గురునానక్ ఉన్నారు. ఆ పాఠాలు ఏ మతం వాళ్ల మనసూ నొప్పించకుండా ఎలా చెప్పాలో మాకు రాసి ఇవ్వండి, శిక్షణ ఇవ్వండి, అలా చెప్పిన టీచరుకి అండగా నిలబడండి. ఇదే మా అర్జీ.

నాకు జరిగింది చెబుతాను. ఏడో తరగతికి భక్తి, సూఫీ పాఠం చెబుతున్నాను. పుస్తకంలో ఉన్న పేర్లలో కొన్ని ఉత్తరాదివి. పిల్లలకు తెలిసిన చోటు ఏదైనా చెబితే బుర్రకెక్కుతుందని మన పోర్టు దగ్గరి మూడు కొండల మాట ఎత్తాను. ఒకదాని మీద రాస్ హిల్ మరియమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వర స్వామి గుడి. దర్గాకి హిందువులూ వెళ్తారని, మరియమాత కొండ ఎక్కే వాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉంటారని చెప్పాను. మా క్లాసులో సగం మంది పిల్లలు వన్‌టౌన్‌లో చుట్టాలున్నవాళ్లే, ఆ కొండలు వాళ్లకి కొత్త కాదు. సాయంత్రానికల్లా ఒక తండ్రి, టీచరు పిల్లల్ని దర్గాకి వెళ్లమంటోందని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వారం తిరక్కుండా, సింహాద్రి అప్పన్న చందనోత్సవం గురించి చెప్పినందుకు ఒక తల్లి బడికి వచ్చారు. "మాది ప్రార్థన కుటుంబం మేడం, మా పాపకి విగ్రహాల పూజ నేర్పకండి" అన్నారు.

ఆ ఇద్దరిలోనూ నాకు ద్వేషం కనబడలేదు. మా బిడ్డ మా చెయ్యి దాటిపోతుందేమో అన్న బెంగ కనబడింది. ఆ తల్లిని కూర్చోబెట్టి, పిల్ల నోట్సు తెరిచి చూపించాను. ఏడాదంతా గంధం కింద ఉండే స్వామి అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో కనిపిస్తాడని భక్తుల విశ్వాసం అని రాసుంది. "ఇందులో పూజ చెయ్యమని లేదు కదా" అన్నాను. ఆవిడ చదువుకుని, సరేనమ్మా అని వెళ్లారు. ఆ తండ్రితో కూడా అలా మాట్లాడేదాన్నే. ఆ అవకాశం నాకు ఇవ్వలేదు. ఫిర్యాదు పైకి వెళ్లింది, పైనుంచి మెమో దిగింది. మత ప్రచారం చేసినట్టు ఫిర్యాదు అందింది కాబట్టి సంజాయిషీ ఇవ్వమన్నారు.

సంజాయిషీ ఇచ్చాను. పాఠ్యపుస్తకంలో పేజీ, పాఠ్య ప్రణాళిక, పిల్లల నోట్సు జత చేశాను. దానికి ఈ రోజుకీ జవాబు లేదు. తప్పు చేశావని అనలేదు, చెయ్యలేదనీ అనలేదు. ఆ ఫైలు ఎప్పుడు బయటికొస్తుందో, సర్వీసు రిజిస్టర్లో ఎప్పుడు ఏం ఎక్కుతుందో అని భయపడుతూ రోజూ క్లాసుకి వెళ్తున్నాను. పుస్తకంలో ఉన్న పాఠం చెప్పినందుకు అండీ ఇది! పుస్తకం నేను రాయలేదు. ఆ పాఠం నేను పెట్టలేదు.

మెమో వచ్చింది నాకొక్కదానికే. పాఠం ఆగిపోయింది మాత్రం చాలా బళ్లలో. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఈ మాట వచ్చినప్పుడు సీనియర్లు ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? "బిట్లు చెప్పి వదిలెయ్యమ్మా, పరీక్షకి అంతకు మించి రాదు." అదే జరుగుతోంది. కబీరు గురువు ఎవరు, రామానందుడు. సిక్కుల పవిత్ర గ్రంథం ఏది, గురు గ్రంథ్ సాహిబ్. పిల్లలు వల్లె వేస్తారు, మార్కులు వస్తాయి. అదే పిల్లాడు రంజాన్ నెలలో మధ్యాహ్న భోజనం వేళ వరండాలో ఒంటరిగా కూర్చున్న తోటి పిల్లాణ్ని చూసి, "నీళ్లు కూడా తాగవేంట్రా" అని ఎగతాళి చేస్తాడు. అయ్యప్ప మాలలో, చెప్పుల్లేకుండా వచ్చిన పిల్లాడి మీద జోకులేస్తారు. ప్రసాదం వద్దన్న పిల్లకి పొగరని పేరు పెడతారు. ఆ పిల్ల ఏడుస్తుంది గానీ ఎందుకు వద్దందో చెప్పలేదు, ఎందుకంటే ఆ మాట ఎలా చెప్పాలో ఆమెకీ ఎవరూ నేర్పలేదు. సీతమ్మధారలో గురుద్వారా జంక్షన్ మీదుగా రోజూ ఆటోలో వచ్చే పిల్లలకి లోపల ఏం చేస్తారో తెలీదు. ఇవన్నీ మా కళ్ల ముందు, ప్రతి ఏడాదీ.

తెలియకపోతే ఏమవుతుందో మన పక్కనే రుజువుంది. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. కొండని తొలిచిన గుహలు, బుద్ధుడి విగ్రహాలు, స్తూపాలు. కనుమ నాడు అక్కడికి వెళ్లే జనం ఒక కట్టడాన్ని రాక్షసుడి పొట్ట అనుకుని ఏటా రాళ్లు రువ్వేవారు. బౌద్ధుల మీద కోపంతో కాదు, అదేమిటో వాళ్లకి తెలియక. చెప్పేవాళ్లు వచ్చి నచ్చజెప్పాకే ఆ ఆచారం తగ్గింది. ఆ చెప్పాల్సిన మాట బడిలోనే చెప్పి ఉంటే అన్నేళ్లు రాళ్లు పడేవి కావు. మనకి తొట్లకొండ ఉంది, బావికొండ ఉంది, భీమిలిలో పావురాలకొండ ఉంది. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధం మన సముద్రం ఒడ్డున కూర్చుని ఉంది. మా పిల్లలు అక్కడికి ఫొటోల కోసం వెళ్లి వస్తున్నారు.

చట్టం అడ్డమని కింది స్థాయిలో అంటుంటారు. మీకు తెలియనిది కాదు, అయినా ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రుల కోసం రాస్తాను. రాజ్యాంగం 28వ అధికరణం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధన కూడదంది. నేను ఆ అధికరణాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతాను. నా క్లాసులో ఏ పిల్ల చేతా దండం పెట్టించను, ఏ ప్రార్థనా చెప్పించను. అయితే మతాల గురించి తెలుసుకోవడం వేరు. గురునానక్ జీవితాన్ని, బోధనలను అధ్యయనం చేయడం మత బోధన కాదని సుప్రీంకోర్టు 1971లోనే డీఏవీ కాలేజీ కేసులో చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులో మతాల అధ్యయనానికి 28వ అధికరణం అడ్డు కాదంది. రెండింటి మధ్య గీత చాలా సన్ననిది, జాగ్రత్త అని కూడా అదే తీర్పులో హెచ్చరించారు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ కూడా మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరని విడదీసి, ప్రధాన మతాలన్నిటి గురించీ పిల్లలకి చెప్పాలంది. అంతకంటే ముందు, 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, డిగ్రీ మొదటి ఏడాదిలో బుద్ధుడు, యేసు, శంకరుడు, మహమ్మద్, కబీరు, నానక్ వంటి వారి జీవితాలు చెప్పాలని సిఫార్సు చేసింది. ఆ కమిషన్‌కి అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి (ఆంధ్రా యూనివర్సిటీకి) ఉపకులపతిగా ఉన్నవారు. ఏటా సెప్టెంబరు 5న ఆయన ఫొటోకి దండ వేస్తున్నాం. ఆయన చెప్పిన పని చేసిన టీచరుకి మెమో ఇస్తున్నారు.

గీత సన్ననిదని కోర్టే అన్నప్పుడు, ఆ గీత ఎక్కడుందో టీచరుకి చూపించాలి కదండీ. చూపించకుండా, దాటావని ఎలా అడుగుతారు?

క్లాసులో నిలబడితేనే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. పాఠం చెప్పేటప్పుడు ప్రతి మతాన్నీ ఆ మతం వాళ్లు చెప్పుకునే తీరులో చెప్పాలి, ఎదుటివాళ్లు అనే తీరులో కాదు. ఇలా నమ్ముతారు, ఇలా ఆచరిస్తారు అని చెప్పాలే తప్ప ఇదే నిజమనీ అనకూడదు, ఇదంతా మూఢనమ్మకమనీ అనకూడదు. రెండో తప్పు మా వాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ చేస్తారు. జాలరిపేట పిల్లల ముందు వాళ్ల గ్రామదేవత మొక్కుల్ని తీసిపారేసినట్టు మాట్లాడితే, వేటకెళ్లిన నాన్న క్షేమంగా రావాలని అమ్మ మొక్కిన మొక్కు అది, ఆ పిల్లకి ఎంత కష్టంగా ఉంటుంది? ప్రవక్త గురించి చెప్పేటప్పుడు ఆయన బొమ్మ వేయించకూడదు, ఆయన వేషం కట్టించకూడదు. ప్రాజెక్టు పని పేరుతో పిల్లల చేత నమాజు, బాప్తిస్మం, అభిషేకం నటింపజేయకూడదు. అది ఒకరికి పూజ, ఇంకొకరికి ఆట అయిపోతుంది. ఏ దేవుణ్నీ నమ్మని ఇంటి పిల్లలూ ఉంటారు, వాళ్లని కూడా చిన్నబుచ్చకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. "మీలో క్రిస్టియన్లు ఎవరు, చేతులెత్తండి" అని క్లాసులో ఎప్పుడూ అడగకూడదు. మన రాష్ట్రంలో ఆ ప్రశ్న ఎంత ప్రమాదమో విద్యాశాఖలో ఎవరైనా ఆలోచించారా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవులకు లేదు. ఆదివారం చర్చికి వెళ్లే ఇంట్లో, బడి రికార్డులో హిందూ ఎస్సీ అని ఉన్న పిల్ల చెయ్యి ఎత్తాలా వద్దా? ఆ చెయ్యి ఎత్తితే ఇంట్లో స్కాలర్‌షిప్పు పోతుందని భయం. ఎత్తకపోతే దేవుడి ముందు అబద్ధమాడానని భయం. పన్నెండేళ్ల పిల్లని ఆ రెండు భయాల మధ్య నిలబెట్టే హక్కు ఏ టీచరుకీ లేదు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా విషయం కాదు. ఆ పిల్ల నా విషయం. "మీ మతం పండుగల గురించి రాసుకురండి" అనే ప్రాజెక్టు పని చూసిన ప్రతిసారీ నా గుండె ఝల్లుమంటుంది. ఇది ఏ శిక్షణలోనూ మాకు చెప్పలేదు. ఇరవై రకాల శిక్షణలకి పిలుస్తారు, ఇది మాత్రం ఉండదు.

ఒక పిల్ల తన మతం వాళ్లందరి తరఫునా జవాబు చెప్పాల్సి రావడం కూడా అలాంటిదే. "మీవాళ్లు ఇలా ఎందుకు చేస్తారో చెప్పు" అని ఎక్కడో జరిగిన గొడవ మీద ముస్లిం పిల్లాణ్ని అడిగిన రోజు, వాడు మరుసటి రోజు బడికి రాడు. అలా రాని పిల్లాణ్ని ఇంటికెళ్లి తీసుకొచ్చిన టీచర్లు మాలో ఉన్నారు.

అయ్యా, ఇంత చెప్పాక అడిగేది మళ్లీ అదే. ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో స్పష్టంగా రాసిన సర్క్యులర్ మీ శాఖ నుంచి రావాలి. ఎస్సీఈఆర్టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) ఒక చిన్న కరదీపిక తయారు చెయ్యాలి. అచ్చు వెయ్యకముందే దాన్ని గుడి పూజారికి, పాస్టరుకి, ఇమాముకి, గురుద్వారా పెద్దలకి, బౌద్ధులకి, దేవుణ్ని నమ్మనివాళ్లకి చూపించి, మీ గురించి రాసింది సరిగ్గా ఉందా అని అడగాలి. భీమిలిలోని జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లోనో, కాంప్లెక్స్ సమావేశాల్లోనో ఒక రోజు శిక్షణ పెట్టండి. పిల్లల్ని మతం అడగొద్దని అందులో మొదటి మాటగా చెప్పండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఈ పాఠాల గురించి తల్లిదండ్రులకి ముందే చెప్పే వీలు కల్పించండి, వాట్సాప్‌లో తెలిసే కంటే మా నోటితో తెలియడం మేలు. ఫిర్యాదు వస్తే ముందు బడిలో, తల్లిదండ్రుల కమిటీ ముందు మాట్లాడనివ్వండి. ఆ తర్వాత కూడా తప్పు ఉంటే మెమో ఇవ్వండి, తీసుకుంటాం.

నా ఫైలు మీద ఏదో ఒక మాట రాయించండి. అవునో, కాదో. జూన్‌లో బడులు తెరుస్తారు. అదే పుస్తకం, అదే పాఠం మళ్లీ నా చేతికి వస్తుంది. చెప్పమంటారా, దాటేయమంటారా? రాతపూర్వకంగా ఒక్క జవాబు ఇప్పించమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచరు,
విశాఖపట్నం