కండ సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పసుపు, గ్రీన్ టీ, దానిమ్మ కొవ్వును కరిగించి కండను కాపాడతాయని మీ ఆరోగ్యం పేజీలో వచ్చాక, పర్లాకిమిడిలోని మా మందుల షాపుకి ఆ కటింగ్ పట్టుకుని చాలామంది వస్తున్నారు. ఇక్కడ ఆరోగ్య ప్రచారమంతా ఒడియాలో ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగలిగే మా పెద్దవాళ్లకి మీ పేపరే ఆధారం. అందుకే రాస్తున్నాను.

వచ్చేవాళ్లలో 60 దాటిన ఆడవాళ్లే ఎక్కువ. పొట్ట పెరిగి, కాళ్లు సన్నబడి ఉంటాయి. చేతులు ఆనించందే కుర్చీలోంచి లేవలేరు. డాక్టర్లు దీన్ని సార్కోపెనిక్ ఒబేసిటీ అంటారు. ఒకపక్క కొవ్వు పెరుగుతూ ఇంకోపక్క కండ కరుగుతుంటే బరువు మిషన్ మీద అంకె పెద్దగా మారదు, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. అలాంటివాళ్లు సన్నబడాలని రాత్రి భోజనం మానేస్తే ఉన్న కండ కూడా పోతుంది. నా టెన్షన్ అదే.

పసుపులో మేలు చేస్తుందని చెప్పే పదార్థం కర్క్యుమిన్. అది పసుపులో సుమారు 3 శాతమే. రోజు మొత్తం మీద వంటలో 3 గ్రాముల పసుపు వేసినా వచ్చేది 90 మిల్లీగ్రాములు. పరిశోధనల్లో తరచు 500 మిల్లీగ్రాములు, అంతకు మించి కూడా ఇస్తారు. పైగా అది ఒంటికి సరిగా పట్టదు. కండకు మేలు జరిగిందన్న ఫలితాలు చాలావరకు ఎలుకల్లో చూసినవి. దానిమ్మలోని పదార్థాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు, కండకు మేలు చేస్తుందని చెప్పే యూరోలిథిన్-ఎ అనే పదార్థంగా మార్చాలి, ఆ మార్పు అందరిలోనూ జరగదు. ఇవి రాయకపోవడంతో జనం నేరుగా క్యాప్సూల్స్ అడుగుతున్నారు. గ్రీన్ టీ సారం, పసుపు క్యాప్సూల్స్ వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా కర్క్యుమిన్ మొదలుపెట్టకూడదు.

వయసు మళ్లినవాళ్లకి రోజుకి, ఒంటి బరువులో ప్రతి కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని నిపుణులు అంటారు. మా పెద్దావిడలు పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, పల్చటి పప్పుచారు, రాత్రి మిగిలిన చారుతో సరిపెట్టుకుంటారు. గుడ్డూ చేపా పిల్లలకే. 100 గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటే, ఉడికిన నీళ్లు చారుకి తీసుకుని గింజలు పశువులకి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి! ఆ గుగ్గిళ్లు ముందు ఆ పెద్దావిడ తినాలి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినంతే.

ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడు మోతాదు ఎంతో, మనుషుల మీద పరీక్షించారో లేదో రాయండి. పక్కనే కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామాన్ని బొమ్మలతో, పెద్ద అక్షరాలతో వేయండి. దాన్ని మా షాపు గోడకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా