మన కాలనీ సంఘం వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్తే. ఈ ఏడాది అయిన పనులు, కాని పనులు రెండూ రాస్తున్నం, కొంచెం ఓపికతో చదవండి.

ముందుగాల వాన సంగతి. సెప్టెంబర్ 1న కొట్టిన వానకు మన నాలుగో గల్లీల సెల్లార్లు నిండినయి, మోటర్లు కాలినయి, అందరం కలిసి డ్రైనేజీని తిట్టినం. నీళ్లు తీసినంక పాత ఊర్ల ఉండే నీరటి తాత (చెరువు నీళ్లు పొలాలకు ఇడిసే పని చేసినాయన) వచ్చి చూసిండు. ఇది డ్రైనేజీ కాదు బిడ్డా, మీద ఉన్న చెరువు అలుగు పారితే కింది చెరువుకు నీళ్లొచ్చే కాల్వ, దాని మీదనే ఇండ్లు కట్టుకున్నరు అన్నడు. కట్టె పట్టుకొని ముందు నడుసుకుంట తూము ఎక్కడుండె, కాల్వ ఎక్కడ మలిగేది అన్నీ చూపెట్టిండు, మనోళ్లు ఎనక సున్నంతో గీత పోసుకుంట పోయిన్రు, ఆ గీత నీళ్లు నిండిన గేట్ల ముందలికెళ్లే పోయింది. తర్వాత గ్రామ నక్షా తెప్పించి చూస్తే అండ్ల కూడా కాల్వ అక్కడనే ఉంది. మనకు ప్లాట్లు అమ్మినప్పుడు ఇచ్చిన లేఔట్ కాయితంల మాత్రం అది 30 ఫీట్ల రోడ్డు! వరి పండిన భూమి పల్లంలనే ఉంటది, కొనేటప్పుడు మనమెవ్వరం అడగలే.

2024 జులైల హైడ్రా (చెరువుల కబ్జాలు తొలగించే సర్కారు సంస్థ) వచ్చినప్పటి సంది ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ ఇండ్లు కట్టొద్దన్న జాగ) అంటే చాలామందికి నిద్ర పడతలేదు. చెరువు హద్దులు కొలిచి రాళ్లు పాతమని, కాల్వకు మళ్లా దారి ఇయ్యమని సంతకాలతో దరఖాస్తు ఇచ్చినం, ఇంకా జవాబు రాలే. దీన్ని ఇడిసిపెట్టేది లేదు, ఈ వానాకాలం లోపల కనీసం రోడ్డు కింద పెద్ద పైపులన్నా పడాలె.

ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఔట్ల ప్లాట్లను ఫీజు కట్టి రెగ్యులర్ చేసుకునే స్కీం) ఫీజుల 25 శాతం రాయితీ వచ్చినప్పుడు కమ్యూనిటీ హాల్ల మన పోరగాండ్లు కంప్యూటర్ పెట్టుకొని కూసున్నరు, 2020ల దరఖాస్తు పెట్టుకున్నోళ్లకు బాగనే పనికొచ్చింది. సీసీ కెమెరాలు రిపేర్ అయినయి. కుక్కల సమస్య అట్లనే ఉంది.

బర్రెల పంచాయితీ కూడా రాయాలె. పొద్దుగాల రోడ్డు మీద పేడ అని గ్రూపుల ఫోటోలు పెట్టి ఫిర్యాదు చేసిన్రు, నిజం చెప్పాలంటే మనకన్న ముందుగాల ఆ బర్రెలే ఉన్నయి ఈడ, ఫిర్యాదు చేసినోళ్లల్ల సగం మంది ఇండ్లకు పాలు గూడ ఆ కొట్టం నుంచే వస్తున్నయి. బర్రెలోళ్ల పటేల్ సాబ్ తోని మాట్లాడితే ఇప్పుడు ఎనక బాట నుంచి తోలుకపోతున్నడు.

బతుకమ్మ ఈసారి పాత ఊరోళ్లు, మనం కలిసి ఒక్క దగ్గరనే ఆడినం. ఇదివరకు తంగేడు, గునుగు పొలం గట్ల మీదనే తెంపుకునేటోళ్లట, ఇప్పుడు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల కొనుక్కొచ్చినం, ఖర్చు ఎక్కువనే అయింది. చెరువుల మురికినీళ్లు కలుస్తున్నయని నిమజ్జనానికి తొట్టి కట్టించినం, అది అమ్మలకు అస్సలు నచ్చలే, వాళ్ల కోపం సరైందే.

లెక్కలన్నీ నోటీస్ బోర్డు మీద పెట్టినం. చందా బాకీ ఉన్నోళ్లు జర జల్ది కట్టండి. నీరటి తాతను, పాత ఊరి నుంచి ఇంకో ఇద్దరిని కమిటీల తీసుకోవాలని ప్రతిపాదన ఉంది, జనరల్ బాడీల ఓటింగ్ పెడతం, ప్లాటు లేనోళ్లకు సభ్యత్వం ఎట్ల ఇస్తరని అడిగేటోళ్లు ఆరోజు తప్పక రండి.

ఇట్లు
కార్యదర్శి