మెదడు రసాయనాల కొలత బోధనాసుపత్రులకు అందాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఎం.ఆర్.ఐ. అంటే మెదడు బొమ్మ తీసే యంత్రమనే చాలామంది అనుకుంటారు. అదే యంత్రం, సూది పొడవకుండా, ఎక్స్‌రే కిరణాలు సోకకుండా, మెదడులోని రసాయనాలను కూడా కొలవగలదు. మాగ్నెటిక్ రెజొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ అనే ఈ పరీక్ష రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బోధనాసుపత్రులలో నరాల జబ్బుల వారికి, పసిపిల్లలకు అవసరమైనప్పుడల్లా అందాలని, అది చెప్పలేని సంగతులను చెప్పిస్తామంటూ దానిని ఆరోగ్యవంతులకు అంటగట్టే పరిస్థితి రాకూడదని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

బలమైన అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు ఒక నిర్ణీత పౌనఃపున్యం వద్ద స్పందిస్తాయి. 3 టెస్లా (టెస్లా అయస్కాంత బలానికి కొలమానం) యంత్రంలో అది సుమారు 128 మెగాహెర్ట్జ్. అయితే ఆ హైడ్రోజన్ ఏ అణువులో ఉంది, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు ఎలా పరచుకున్నాయి అన్నదాన్ని బట్టి ఈ పౌనఃపున్యం పది లక్షల్లో కొన్ని వంతుల మేరకు జరుగుతుంది. ఆ స్వల్ప తేడాయే ఏ స్పందన ఏ పదార్థానిదో పట్టి ఇస్తుంది. 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా గుర్తించిన ఈ అనునాదం ముందుగా రసాయన శాస్త్రానికి పనికివచ్చిందని, బొమ్మలు తీయడం 1970లలో గానీ మొదలుకాలేదని గుర్తుచేయడం అవసరం, ఎందుకంటే రసాయనాల కొలతను ఎం.ఆర్.ఐ.కి అదనపు హంగుగా చూడడం మనలో పాతుకుపోయింది. ఈ స్పందనలను గీసిన గ్రాఫులో ఒక్కో పదార్థం ఒక్కో పీక్‌గా, అంటే శిఖరంగా, కనిపిస్తుంది. 2.0 పీపీఎం (పౌనఃపున్యం జరిగిన మేరను పది లక్షల్లో వంతులుగా చూపే కొలత) దగ్గర కనిపించే ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ నాడీకణాలు ఎంత బాగున్నాయో సూచిస్తుంది. 3.0 దగ్గర కణాల శక్తి సరఫరాకు తోడ్పడే క్రియాటిన్, 3.2 దగ్గర కణపొరలకు సంబంధించిన కోలిన్, 1.3 దగ్గర ఆక్సిజన్ అందని కణజాలంలో పేరుకునే లాక్టేట్ ఉంటాయి. మెదడులోని నీటితో పోలిస్తే వీటి స్పందన వేల రెట్లు బలహీనం. అందుకే నీటి స్పందనను అణచి, సాధారణంగా రెండు సెంటీమీటర్ల భుజాలున్న చిన్న పెట్టెలాంటి ప్రాంతం నుంచి, కొన్ని నిమిషాలపాటు మళ్లీ మళ్లీ స్పందనను సేకరించి కూడాల్సి వస్తుంది.

మన దేశంలో దీని అవసరం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఫిట్స్‌తో వచ్చిన రోగి విషయంలో. స్కాన్‌లో ఉంగరంలా మెరిసే గడ్డ ఒకటి కనబడుతుంది. అది టీబీ గడ్డ కావచ్చు, బద్దెపురుగు లార్వా తిత్తి కావచ్చు, చీముగడ్డ కావచ్చు, క్యాన్సర్ కూడా కావచ్చు. ఒకదానికి నెలల తరబడి టీబీ మందులు, ఇంకొకదానికి పురుగుల మందు, స్టెరాయిడ్లు, మరొకదానికి చీము తీయడం, చివరిదానికి ఆపరేషన్, రేడియేషన్ అవసరమవుతాయి. బొమ్మ ఒక్కటే చాలాసార్లు వీటిని విడదీయలేదు. రసాయనాలు కొంతవరకు విడదీస్తాయి. టీబీ గడ్డలో కొవ్వు పదార్థాల పీక్ ఎత్తుగా నిలుస్తుంది. బ్యాక్టీరియా వల్ల వచ్చిన చీములో ల్యూసిన్, వాలిన్ వంటి అమైనో ఆమ్లాలు బయటపడతాయి. మెదడులోనే పుట్టే గ్లయోమా అనే కణితిలో కోలిన్ పెరిగి, ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ పడిపోతుంది. లక్నోలోని సంజయ్ గాంధీ పోస్ట్ గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ వైద్యులు 1990ల నుంచే ఈ దిశగా చేసిన కృషి మనకు అక్కరకు వచ్చే విద్య.

అయితే ఎం.ఆర్.ఐ. విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా ఒక ప్రమాదం చెప్పి తీరాలి. కొలిచే పెట్టెను పుర్రె అంచుకు మరీ దగ్గరగా పెడితే నెత్తి చర్మం కింది కొవ్వు గ్రాఫులోకి చొరబడి, అచ్చం టీబీ గడ్డ కొవ్వులా కనిపించగలదు. గడ్డ సెంటీమీటరుకంటే చిన్నదైతే పెట్టెలో చుట్టుపక్కల మెదడే ఎక్కువగా పడి ఫలితం పలచబడుతుంది. మధ్యభాగం చచ్చుబడిన క్యాన్సర్ కణితిలోనూ కొవ్వు పీక్ వస్తుంది. కాబట్టి ఈ పరీక్ష బయాప్సీని తొలగించదు. బటన్ నొక్కడం తెలిసిన సిబ్బందితోనే ఇది సరిపోదు; పెట్టె ఎక్కడ పెట్టాలో, అయస్కాంత క్షేత్రాన్ని అక్కడ ఎలా సమం చేయాలో, ఏ గ్రాఫును పనికిరాదని పక్కన పెట్టాలో తెలిసినవారు కావాలి.

పసిపిల్లల విషయం ఇంకా ముఖ్యమని నా నమ్మకం. 1994లో జర్మనీ వైద్యులు ఎదుగుదల ఆగిన ఒక బాబు మెదడులో క్రియాటిన్ పీక్ దాదాపు లేకపోవడాన్ని ఈ పరీక్షతోనే గమనించి, నోటిద్వారా క్రియాటిన్ ఇచ్చి మెరుగుదల చూశారు. క్రియాటిన్ లోపాలన్నీ ఇలా మందుకు లొంగవు గానీ, లొంగే రకాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితే వచ్చేవి. మేనరికాలు ఇంకా సాగుతున్న మన ప్రాంతంలో కారణం తెలియని బుద్ధిమాంద్యానికి, ఫిట్స్‌కు తీసే ఎం.ఆర్.ఐ.లో ఈ కొలత కూడా చేర్చడం పెద్ద కోరిక కాదు. కాన్పు సమయంలో ఊపిరి అందని శిశువుల మెదడు లోపలి భాగమైన థాలమస్‌లో ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ కొలిస్తే రెండేళ్ల వయసునాటి ఎదుగుదలను ముందే అంచనా వేయవచ్చని బ్రిటన్, అమెరికాలలో జరిగి 2019లో వెలువడిన అధ్యయనం కూడా చూపింది.

మతిమరుపు సంగతి వేరు. హర్యానాలోని మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అల్జీమర్స్ రోగుల మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ భాగంలో, కణాలను దెబ్బతినకుండా కాపాడే గ్లూటాథయోన్ తగ్గుతున్నట్టు ఈ పద్ధతితోనే గుర్తించారు. అది విలువైన పరిశోధన. కానీ రోగుల గుంపుకూ ఆరోగ్యవంతుల గుంపుకూ మధ్య సగటున కనిపించే తేడా ఆధారంగా, ఫలానా పెద్దాయనకు రేపు జబ్బు వస్తుందని చెప్పలేం. ఏ లక్షణమూ లేనివారికి దీనిని మెదడు ఆరోగ్య ప్యాకేజీలో చేర్చి అమ్మడాన్ని ఎక్కడ చూసినా వైద్యులే ముందుగా అభ్యంతరపెట్టాలి.

హైడ్రోజన్ స్పెక్ట్రోస్కోపీకి సాధారణంగా కొత్త యంత్రం అక్కరలేదు. చాలా యంత్రాలకు ఇది విడిగా కొనాల్సిన సాఫ్ట్‌వేర్. ఎం.ఆర్.ఐ. కొనుగోలు టెండర్లలోనే దానిని తప్పనిసరి చేయాలని, టెక్నాలజిస్టుల కోర్సులో దీనికి ప్రత్యక్ష శిక్షణ పెట్టాలని రెండు ప్రభుత్వాల వైద్య విద్యా శాఖలను కోరుతున్నాను. రోగికి ఇచ్చే రిపోర్టులో పెట్టె పెట్టిన చోటు చూపే బొమ్మ, ఎకో టైమ్ (స్పందనను నమోదు చేసేముందు యంత్రం ఆగే వ్యవధి), గ్రాఫు నాణ్యత గురించి ఒక మాట తప్పకుండా ఉండాలి. అవి లేకుంటే మరో ఊరి వైద్యుడు ఆ అంకెలను సరిచూడలేక, అదే పరీక్షను ఆ కుటుంబం చేత మళ్లీ చేయించాల్సి వస్తుంది.

ఇట్లు,
విశ్రాంత ఎం.ఆర్.ఐ. టెక్నాలజిస్ట్,
వరంగల్