ఎందుకు రాశారో కూడా పిల్లలకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. మా మనవడు ఆరో తరగతి. బడిలో చదువంతా ఒడియాలోనే, తెలుగు మాత్రం నా దగ్గర. కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని మీ పిల్లల పేజీ చదివిస్తాను. పోయిన ఆదివారం కథ అవగానే, "మామ్మా, ఇదంతా ఎందుకు రాసినాడు?" అనడిగాడు. పాతపట్నంలో కొన్న గైడు తీసి చూస్తే ఏ రచయితకైనా ఒకటే జవాబు: సమాజాన్ని మేల్కొల్పడానికి. వాడికది ఎక్కలేదు. నాకూ ఎక్కలేదు.

మా ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారి సంగతి చెప్పాను. ఆయన పట్టుబట్టి సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెబుదామంటే పుస్తకాలే లేవు. అందుకని తనే రాశారు. ఇది వాడికి వెంటనే అర్థమైంది.

గురజాడవారైతే ఎందుకు రాశారో స్వయంగా చెప్పుకున్నారు. 1897లో అచ్చయిన కన్యాశుల్కం ముందుమాటలో ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు విజయనగరం మహారాజావారు లెక్క తీయిస్తే 1,034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. "ఏడాదా?" అని వాడు ఉయ్యాల్లో ఉన్న చెల్లెలి వంక చూశాడు. కాసేపు మాట్లాడలేదు. తెలుగు భాష నాటకానికి పనికిరాదనే అపోహను పోగొట్టాలని కూడా ఆయన రాశారని చెబితే, "ఒకదానికి రెండు కారణాలుంటాయా?" అన్నాడు. ఉంటాయి మరి.

మర్నాడు వాడు సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేసే వాళ్ల నాన్నకు ఉత్తరం రాశాడు. రోజూ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంటాడు. ఇదెందుకురా అంటే, "ఫోన్‌లో అయితే ఏడుపొచ్చేస్తాది" అన్నాడు. ఒకే మాటను మూడుసార్లు రబ్బరుతో చెరిపాడు, ఆ చోట కాగితం పలచబడిపోయింది. ఏం రాశాడో నేను చదవలేదు.

అందుకే నా మనవి. మీ పిల్లల పేజీలో కథ కింద రచయిత పేరూ ఊరూ వేస్తున్నారు. దానితోపాటు, ఆ కథ ఎందుకు రాయాలనిపించిందో ఆయన చేతే రెండు వాక్యాలు రాయించండి. పెద్ద మాటలు వద్దు. ఎవరిని చూసి రాశారు, ఏం జరిగితే రాశారు, అంతే చాలు. పాత రచయితల కథ వేసినప్పుడు వాళ్ల ముందుమాటల్లోంచి తీసి చెప్పొచ్చు. వచ్చే ఆదివారం ఒక్క కథకైనా వేసి చూడండి. మా వాడు పేపరు కోసం గుమ్మంలో కాచుక్కూర్చుంటాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా