టైల్స్ డబ్బా మీద తెలుగులో నాలుగు ముక్కలు వేయలేరా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో వారం వారం ఇళ్ళు, స్థలాల పేజీ వస్తుంది కదా, అందులో బాత్‌రూమ్ టైల్స్ బొమ్మలు ఎంత బాగా వేస్తారో. పాలరాయిలా ఉండేవి, చెక్కలా ఉండేవి, గోడంతా ఒకే పువ్వు విచ్చుకున్నట్టు ఉండేవి. కానీ ఆ టైలు గోడకి ఎలా అంటుకుంటుంది, ఎందుకు ఊడిపోతుంది అన్నది ఒక్క ముక్క రాయగా నేను చూడలేదు. ఎవరైనా రాసి ఉంటే, నేను చదివి ఉంటే, మా ఇంట్లో ఆ అర్ధరాత్రి చప్పుడు వచ్చేది కాదు.

మేం కాకినాడలో ఇల్లు కట్టుకుని మూడేళ్ళు. పోయిన వర్షాకాలంలో ఓ రాత్రి రెండింటప్పుడు బాత్‌రూమ్‌లో ధన్‌మని చప్పుడైంది. మా వారు దొంగ అనుకున్నారు, నేను గీజరు పేలిందనుకున్నాను. లైటేసి చూస్తే గీజరు కింద గోడ టైల్స్ మూడు నేల మీద ముక్కలై ఉన్నాయి, నాలుగోది కుళాయి పైపు మీద ఒరిగి నిలబడింది. మా అత్తగారు రోజూ పొద్దున్నే ఆరింటికి సరిగ్గా ఆ గోడ పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని స్నానం చేస్తారు. ఆ మూడు టైల్స్ ఇంకో నాలుగు గంటలు ఆగి పడి ఉంటే... ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో ఎవరం పైకి అనం.

తెల్లారాక చూశాను. టైలు ఊడిన చోట గోడ మీద ఏముందో తెలుసా? పిడకలు. నిజంగానే, మా చిన్నప్పుడు గోడకి కొట్టిన పిడకల్లా సిమెంటు ముద్దలు, టైలుకి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి. మేస్త్రీ వేళ్ళ అచ్చులు కూడా వాటి మీద అలాగే ఉన్నాయి. ముద్దకీ ముద్దకీ మధ్య అంతా ఖాళీయే. కింద పడ్డ టైలు తిరగేసి చూస్తే వీపు శుభ్రంగా ఉంది, చెంచాడు సిమెంటు కూడా అంటుకోలేదు, వేలితో రాస్తే కాస్త బూడిదలాంటి పొడి వచ్చిందంతే. మూడేళ్ళు మేం సిమెంటు పట్టు మీద కాదు, అలవాటు మీద నిలబడిన టైల్స్ పక్కన స్నానాలు చేశామన్నమాట.

మొదట పని చేసిన మేస్త్రీకి ఫోన్ చేస్తే "అందరిళ్ళల్లో అలాగే వేస్తామండి, మీ గోడలో ఏదో చెమ్మ ఉండుంటుంది" అన్నాడు. టైల్స్ కొన్న షాపువాళ్ళు "మేం అమ్ముతామండి, అతికించేది మేం కాదు కదా" అన్నారు. ఇద్దరి మాటా ఒక లెక్కన నిజమే, అదే ఇక్కడ తమాషా. ఎవరూ అబద్ధం ఆడలేదు, టైల్స్ మాత్రం పడిపోయాయి.

తర్వాత రామచంద్రపురం వైపు నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాం, నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నారట. వచ్చిన వెంటనే సుత్తి పట్టుకుంటారనుకున్నాను. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, పై వరస నుంచి ఒక్కో టైలు మీద టక్ టక్‌మని కొట్టుకుంటూ చెవి ఒగ్గి వింటూ వచ్చారు. గట్టిగా పట్టుకున్న టైలు చప్పుడు వేరు, వెనక డొల్లగా ఉన్న టైలు చప్పుడు వేరు, రెండోసారి నాకూ తెలిసిపోయింది. డొల్ల వాటి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. ఆ ఒక్క బాత్‌రూమ్‌లో 31 తేలాయి. ఇది చదివేవాళ్ళు ఈ పని ఈ రోజే చేయొచ్చు, కావలసింది ఒక రూపాయి బిళ్ళ. గీజరు కింద, షవరు ఎదుట, పిల్లలు, పెద్దవాళ్ళు కూర్చునే చోట ముందు కొట్టి చూడండి.

ఆయన నాకు చూపించిన రెండో పని ఇంకా బాగుంది. మిగిలిపోయిన టైలు ఒకటి అటక మీద ఉంటే తెప్పించి బకెట్టు నీళ్ళలో వేశారు. దాని వీపు నుంచి బుడగలు... సోడా కొట్టినట్టు జివ్వుమని వస్తూనే ఉన్నాయి. "చూశారా అమ్మగారూ, దీనికి దాహం ఎక్కువండి. ఇక్కడ తీర్చకపోతే గోడ మీద సిమెంటు మాలులో ఉన్న నీళ్ళు తాగేస్తదండి" అన్నారు. అంతే విషయం. గోడకి వేసే సిరామిక్ టైలు పైన గాజులా మెరిసినా లోపల మట్టి కాల్చిన పలకే. బరువులో పదో వంతుకు మించి నీళ్ళు పీల్చుకునే రకం అది. సిమెంటు గట్టిపడడానికి నీళ్ళు కావాలి, ఎండిపోతే గట్టిపడదు, పొడవుతుంది. పొడి టైలు తెచ్చి మాలు మీద పెడితే ఆ నీళ్ళు టైలు లాగేసుకుంటుంది, మిగిలేది నా వేలికి అంటిన ఆ బూడిద. అందుకే బుడగలు ఆగేదాకా నానబెట్టి, తీసి, పైన తడి ఆరాక వేయాలి. మా ఇంట్లో వేసేటప్పుడు డబ్బాలోంచి తీసినవి తీసినట్టే గోడెక్కించడం నేను కళ్ళారా చూశాను, అందులో తప్పేముందో అప్పుడు నాకు తెలియదు.

ఇక్కడే అసలు తిరకాసు. విట్రిఫైడ్ టైలు, అంటే లోపలంతా గాజులా గట్టిపడేలా కాల్చిన రకం, దీనికి పూర్తిగా ఎదురు. అది నీళ్ళు దాదాపుగా పీల్చదు, వీపు మీద నీటి చుక్క వేస్తే చుక్క చుక్కలాగే నిలుస్తుంది. కాబట్టి దానికి ఉత్త సిమెంటు పాలు పట్టవు, గమ్ము వాడాలి. గమ్ము అని మనవాళ్ళు అనేది బస్తాల్లో వచ్చే టైల్ అడెసివ్‌ని, అంటే టైల్స్ అతికించే పొడిని. ఆ గమ్ముతో వేసేటప్పుడు మళ్ళీ సిరామిక్ టైలుని కూడా నానబెట్టక్కర్లేదు, దుమ్ము తుడిస్తే చాలు. పాత మేస్త్రీలకి సిరామిక్, సిమెంటు పద్ధతి చేతికి అలవాటు, కొత్త కుర్రాళ్ళు విట్రిఫైడ్ పనిలో చేరి నానబెట్టడం అన్నదే చూడలేదు. ఒకే బాత్‌రూమ్‌లో కింద ఒక రకం, గోడకి ఒక రకం, చేసే మనిషి ఒకడే. ఏది ఏదో అతనికి ఎవరు చెప్పాలి?

డబ్బా చెప్పాలి కదా! నేను అటక మీద డబ్బా దింపి నాలుగు వైపులా చదివాను. సైజు, ఎన్ని టైల్స్, ధర, షేడ్ నంబరు, పగిలే వస్తువు అని గ్లాసు బొమ్మ. అన్నీ ఇంగ్లీషులో. గమ్ము బస్తా తెప్పించి చూశాను, అక్కడ మాత్రం వాడే విధానం బోలెడు ఉంది, అదీ ఇంగ్లీషు, హిందీలోనే, చీమ తలకాయంత అక్షరాల్లో. మాకు ఈ టైల్స్ వచ్చేది గుజరాత్‌లోని మోర్బీ నుంచి, దేశంలో తయారయ్యే టైల్స్‌లో సింహభాగం అక్కడివే. మా పక్కన యానాంలోనే ఉన్న పెద్ద టైల్స్ ఫ్యాక్టరీ 2012 జనవరిలో జరిగిన గొడవల్లో మూతపడింది. సరే, ఎక్కడ తయారైనా ఊడేది మన గోడ మీదే.

చట్టం ఏమంటుందని మా అబ్బాయిని అడిగి చూపించమన్నాను. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, వాటికి తోడు వేరే భాష వేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. అంటే తెలుగు వేయొద్దని ఎవరూ అనలేదు, వేయమని ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నాను. తెలుగు ఒకటే అని కూడా కాదు, మా వీధిలో ఇప్పుడు టైల్స్ వేస్తున్న కుర్రాళ్ళలో సగం మంది ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, చదువు రానివాళ్ళు కూడా ఉంటారు. గ్లాసు బొమ్మ వేయగలిగినవాళ్ళు బకెట్టులో టైలు బొమ్మ వేయలేరా?

ఇక నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఉత్తరం సగమే అవుతుంది. టైల్స్ ఎంచుకోవడానికి షాపుకి నాలుగుసార్లు వెళ్ళాను. క్రీమ్ కలరా, బూడిద కలరా అని ఇంట్లో ఓట్లు కూడా వేయించాను. వేసేటప్పుడు పక్కన నిలబడింది మాత్రం మొత్తం కలిపి పావుగంట ఉండదు. పైగా శ్రావణంలో ముహూర్తం పెట్టేసుకున్నాం. సోమవారం గోడకి ప్లాస్టరింగ్ అయితే గురువారానికి టైల్స్ ఎక్కించేశారు. కనీసం వారం రోజులు నీళ్ళు పట్టి, గోడ కుదుటపడ్డాక వేయాల్సిన పని అది. మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన డబ్బు, ఒకేసారి మూడు సైట్లు, మా ముహూర్తం టెన్షన్ అతని నెత్తిన. పిడకలు కొడితే పని సగం టైములో అవుతుంది మరి, గోడ వంకర ఉన్నా ముద్ద ఒకటి లావుగా, ఒకటి సన్నగా పెట్టి సరిచేసేయొచ్చు. పాలు పొంగించే రోజుకి బాత్‌రూమ్ తళతళలాడింది. బంధువులందరూ మెచ్చుకున్నారు కూడా.

పెద్దాయన చేసిన పని పూర్తిగా వేరు. పాత ముద్దలన్నీ చెక్కేసి, గోడకి గుండు వేసి చూసి, పల్లం ఉన్న చోట ముందే మాలు పూసి సమం చేశారు. అది ఆరేదాకా రెండు వారాలు రానే రాలేదు, నాకు లోపల్లోపల చిరాకు. వచ్చాక గమ్ముతోనే వేస్తానన్నారు, రోజూ నీళ్ళు పడే గోడ కాబట్టి ఖర్చు ఎక్కువైనా అదే నయమని. బస్తా మీద ఐఎస్ 15477 అని మన దేశ ప్రమాణం నంబరు ఉంటుంది, అందులో టైప్ 1 సిరామిక్‌కి, టైప్ 2 విట్రిఫైడ్‌కి, కొనేటప్పుడు అది చూసుకోమన్నారు. పళ్ళున్న తాపీతో గోడ మీద దువ్వినట్టు గీతలు వచ్చేలా పూసి, ఒకేసారి గోడంతా పూయకుండా నాలుగైదు టైల్స్ పట్టేంత మేరకే పూసి (ఫ్యాన్ గాలికి కూడా పైన పొర కట్టేస్తుందట), టైలు పెట్టి కాస్త అటూ ఇటూ జరిపి నొక్కేవారు. పదింటికి ఒకటి పట్టుకుని వెనక్కి లాగేసి వీపు చూపించేవారు, అంతా నిండిందా లేదా అని. అమెరికా వాళ్ళ ప్రమాణాల్లో తడి చోట్ల 95 శాతం వీపు అంటుకోవాలని ఉందని మా అబ్బాయి చదివి చెబితే ఆయన నవ్వి "మిగతా అయిదూ ఎందుకు వదలాలండీ?" అన్నారు.

ఇంకో సంగతి, టైలుకీ టైలుకీ మధ్య సందు. నేను సందు లేకుండా అతికించమన్నాను, చూడ్డానికి బాగుంటుందని. ఆయన ఒప్పుకోలేదు. 2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టారు. గీజరు గోడ వేడెక్కుతుంది, చల్లారుతుంది, టైలు వెంట్రుకవాసి సాగినా జరగడానికి చోటు లేకపోతే ఒకదాన్నొకటి తోసుకుని లేచిపోతాయట. గోడలు కలిసే మూలల్లో సిమెంటు బదులు సిలికాన్ పెట్టారు. కుళాయి రంధ్రాలు కటింగ్ ప్లేయరుతో కొరికి పగలగొట్టకుండా గుండ్రంగా కోశారు. ప్లంబరు పైన బిళ్ళ బిగించేస్తాడు కాబట్టి ఆ కంత ఎంత పెద్దదున్నా మనకి కనపడదు, నీళ్ళు మాత్రం అందులోంచే వెనక్కి వెళ్తాయి. మాకు ముందు టైల్స్ ఊడడం మొదలైంది కూడా అక్కడి నుంచే అని ఆయన అనుమానం.

ఖర్చు సంగతి వదిలేయండి, రెట్టింపు పైనే అయింది. పాత టైల్స్‌కి జత దొరకలేదు, షేడ్ నంబరు మారిపోయింది. అందుకే ఆ గోడ ఒక రంగు, మిగతాది ఒక రంగు. కొనేటప్పుడే ఒక డబ్బా ఎక్కువ కొని, బిల్లూ డబ్బా ముక్కా దాచుకోవాలని అప్పుడు తెలిసింది.

మీకు నా విన్నపం రెండే. ఆ ఇళ్ళ పేజీలో రంగుల బొమ్మల పక్కన ఒక్క వారం ఈ పని ఎలా చేయాలో అనుభవం ఉన్న మేస్త్రీ చేత చెప్పించి వేయండి, ఇంజినీర్లు వద్దని కాదు గానీ ముందు మేస్త్రీలు. రెండోది, మీ దగ్గరికి ప్రకటనలు తెచ్చే టైల్స్ కంపెనీల వాళ్ళని, మన రెండు రాష్ట్రాల డీలర్లని, డబ్బా మీద తెలుగు ఎందుకు వేయరని మీరే అడగండి. మేం అడిగితే షాపులో కుర్రాడు నవ్వి ఊరుకుంటున్నాడు.

ఏం వేయాలో తెలియదంటే నేనే రాసిస్తాను: "ఇది సిరామిక్. సిమెంటుతో వేస్తే బుడగలు ఆగేదాకా నానబెట్టండి, గమ్ముతో అయితే వద్దు. ముద్దలు పెట్టకండి, వీపంతా నింపండి. సందు వదలండి." మా ఎదురింటి వాళ్ళ బాత్‌రూమ్ పని నడుస్తుంటే ఇదే ఒక అట్టముక్క మీద స్కెచ్‌పెన్‌తో రాసి బకెట్టు పక్కన పెట్టించాను, కుర్రాళ్ళు ఏమీ అనుకోలేదు, ఇద్దరు ఫోటో కూడా తీసుకున్నారు.

ఉత్తరం పొడవైంది, మీకు స్థలం చాలదని తెలుసు. చాలకపోతే మా ఇంటి కథంతా కొట్టేసి ఆ అట్టముక్క మీది మాటలు మాత్రం వేసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ